చవక వంట ఎవరికి చవక?

ఆడవాళ్లకి వంట నేర్పడానికి ఈ దేశంలో అందరికీ అర్హత ఉంది. డాక్టరు చెబుతాడు, బ్యాంకు మేనేజరు చెబుతాడు, టీవీలో ఒకాయన చెబుతాడు, పౌష్టికాహార వారోత్సవాల్లో మంత్రిగారు మైకు పట్టుకుని మరీ చెబుతారు. ఇప్పుడు మన సంస్థలు కూడా ఆ పనిలో దిగాయి. అందుకే ఇది మనకోసమే రాస్తున్నాను. కొంచెం కటువుగా ఉంటే ఓర్చుకోండి.

ఈ మధ్య మా నల్లజర్లలో ఒక సంస్థ శిక్షణ పెట్టింది. విషయం: తక్కువ ఖర్చుతో ఇంటి భోజనం, వారానికి సరిపడా ముందస్తు తయారీ. చుట్టుపక్కల ఊళ్లనుంచి నలభై మంది దాకా వచ్చారు. పామాయిల్ తోటల్లో రాలిన పళ్లు ఏరేవాళ్లు, సీజన్లో బేరన్ల దగ్గర పొగాకు అల్లేవాళ్లు, మొక్కజొన్న కండెలు విరవడానికి ఆటోల్లో కుక్కుకుని వెళ్లేవాళ్లు. సంఘం లీడరు రమ్మంది కాబట్టి ఆ రోజు కూలి మానుకుని వచ్చారు. గోడకి ఒక చార్టు కట్టారు. అందులో నాలుగు గడులు: సరుకు, తూకం, ధర, తలకి ఎంత పడుతుంది. ఆదివారం పొద్దున్నే కూర్చుని అల్లం వెల్లుల్లి ముద్ద నూరుకోవాలి, చింతపండు గుజ్జు తీసుకోవాలి, ఉల్లిపాయలు వేయించి పెట్టుకోవాలి, కూరగాయలు తరిగి డబ్బాల్లో సర్దుకోవాలి, మూడు రోజులకి ఇడ్లీ పిండి రుబ్బుకోవాలి. ఇక వారమంతా అరగంటలో వంట అయిపోతుందట.

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ అడిగింది: "ఆదివారం మాకెక్కడిదండీ?"

"టైం ప్లాన్ చేసుకోవాలమ్మా" అన్నారు శిక్షకురాలు. మంచి మనిషే. చదువుకున్నది, మర్యాదస్తురాలు. ఆ చార్టు కూడా తప్పుల తడక కాదు, ధరలన్నీ సరిగానే వేశారు. నా తగాదా అందులో లేని గడి గురించి. వండిన మనిషి గంటలకి ఆ చార్టులో చోటు లేదు. నీళ్లు మోసిన దానికి లేదు, పుల్లలు ఏరిన దానికి లేదు, గిన్నెలు తోమిన దానికి అసలే లేదు. ఆ గడి ఎగరగొట్టాక ఏ భోజనమైనా చవకే! హోటలు యజమాని కూడా వంటమనిషికి జీతం ఇవ్వనక్కర్లేకపోతే ఇంత చవగ్గానూ పెట్టగలడు.

ఆ గడిలో ఏం రాయాలో తెలియక వదిలేశారంటే నమ్మను. అంకెలు సర్కారు దగ్గరే ఉన్నాయి. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెట్టారు. మగవాళ్లు 88 నిమిషాలు. వారానికి లెక్కగడితే ఆడమనిషికి దాదాపు 34 గంటలు. వంట ఒక్కటే కాదు, ఊడ్చడం, ఉతకడం కూడా కలిపి. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకోవడం మాత్రం ఇందులో లేదు, అది వేరే పద్దు. ఆ 88 నిమిషాలు చూసి మగవాళ్లకి దండ వెయ్యకండి. ఆ రోజు ఇంటిపనిలో కాస్తో కూస్తో చెయ్యి పెట్టినవాళ్ల సగటు అది. అసలు చెయ్యి పెట్టినవాళ్లు ఎంతమందయ్యా అంటే, 2019 సర్వేలో ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. మరి శిక్షణ ఎవరికి ఇవ్వాలి? నల్లజర్లలో ఆ రోజు హాల్లో ఉన్న మగవాళ్లు ఇద్దరే. ఒకాయన ఫోటోలు తీశాడు, ఇంకొకాయన టీలు పంచాడు.

ముందుచూపు అనే మాట దగ్గరికి వద్దాం. "మన అమ్మమ్మలు ఏడాదికి సరిపడా ఆవకాయ, వడియాలు, అప్పడాలు, కందిపొడి పెట్టుకునేవాళ్లు, ఆ అలవాటు పోగొట్టుకున్నాం" అని శిక్షణలో ఓ అరగంట సాగింది. ఎవరి అమ్మమ్మలు? జాడీల నిండా ఆవకాయ పెట్టాలంటే మామిడితోట ఉండాలి, లేదా వందల కాయలు ఒక్కసారి కొనే స్తోమత ఉండాలి. గానుగ నూనె డబ్బాతో రావాలి. జాడీలు పెట్టుకునే గది ఉండాలి. ఎండల్లో మిరపకాయలు రోకళ్లతో దంపింది ఆ అమ్మమ్మలు కారు. కళ్లూ ముక్కూ మండుతూ దంపినవాళ్లు పేటలోంచి, గూడెంలోంచి వచ్చిన ఆడవాళ్లు. వాళ్లకి దక్కింది కొంగు పట్టితే వేసిన కాసిని గింజలు, అడుగున మిగిలిన ఓ గరిటె ఊట. వాళ్ల మనవరాళ్లే ఆ రోజు హాల్లో వెనక వరసలో కూర్చున్నారు. వాళ్లకి "మన అమ్మమ్మలు" అని కథ చెబితే ఎవరి కథ చెబుతున్నట్టు?

ముందుగా వండుకోవాలంటే ముందుగా కొనాలి. ముందుగా కొనాలంటే ముందుగా డబ్బుండాలి. ఏ రోజు కూలితో ఆ రోజు సరుకు తెచ్చుకునే ఇంట్లో నూనె చిన్న ప్యాకెట్టే వస్తుంది, పప్పు పావుకిలోయే వస్తుంది. చిల్లరగా కొన్నందుకు ధర ఎక్కువే పడుతుంది. అరువు మీద తెస్తే ఇంకా ఎక్కువ. ఇది ఆమెకి తెలియక కాదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు మార్కెట్టు ఉందనీ, అక్కడ బస్తా కొంటే కిలో ఎంత తగ్గుతుందో నల్లజర్ల కూలిమనిషికి మనకన్నా బాగా తెలుసు. బస్తా డబ్బులే లేవు. బస్తా తెచ్చినా పెట్టుకునే చోటు లేదు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు చేతులెత్తమంటే హాల్లో సగానికి తక్కువే లేచాయి.

నిజానికి ముందస్తు వంట ఆ ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, తెల్లారి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని పనిలోకి పోవడం. ఇప్పుడు పట్నంలో దాన్ని ఆరోగ్య రహస్యం అంటున్నారు, వీడియోలు తీస్తున్నారు, మట్టి ముంతలో పోసి హోటళ్లలో అమ్ముతున్నారు. పులిసిన అన్నంలో మంచి గుణాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఇంట్లో చద్దన్నం ఎవరి వాటా? నాలుగింటికి లేచి పిల్లలకీ మొగుడికీ వేడివేడిగా వండి, క్యారేజీలు కట్టి, ఆమె తినేది రాత్రిది. వేడన్నం మిగిలితే మధ్యాహ్నానికి మూట కట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అల్లం వెల్లుల్లి ముద్ద ఆదివారం నూరుకోకపోవడం వల్ల వచ్చిన జబ్బు కాదది. పప్పూ గుడ్డూ చేపా ఆమె కంచం దాకా రాకపోవడం వల్ల, వచ్చినా చివరికి మిగలకపోవడం వల్ల వచ్చింది.

చేప అన్నాను కాబట్టి ఒక మాట. చార్టులో "చవకైన మాంసకృత్తులు" అని చేప బొమ్మ వేశారు. మాకు దిగువనే కొల్లేరు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో సర్దుకుని లారీలెక్కి హౌరాకీ అస్సాంకీ పోతాయి. ఇక్కడి సంతలో కూలిమనిషి కొనుక్కునేది ఎక్కువగా ఎండుచేపలే. నూనె సంగతి మరీ విడ్డూరం. మా మెట్టంతా పామాయిల్ తోటలు. రోజంతా ఆ తోటలో నడుం వంచి పళ్లు ఏరినామె సాయంత్రం కొట్టు దగ్గర పామాయిల్ ప్యాకెట్టు కొంటుంది. 2022 ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా ప్రభుత్వం పామాయిల్ ఎగుమతులు ఆపేస్తే ఆ దెబ్బ ఆ ప్యాకెట్టు మీద పడింది. తోట నల్లజర్లలో, ధర జకార్తాలో! దీనికి ఆమె వారపు ప్రణాళిక ఏం చేస్తుంది? 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు దాటినప్పుడు కూడా "పప్పులో నీళ్లెక్కువ పోసి పెసరపప్పు కలపండి" అని సలహాలిచ్చినవాళ్లున్నారు. రేషన్‌లో బియ్యం వచ్చినంత నమ్మకంగా పప్పు ఎందుకు రాదని అడిగినవాళ్లు తక్కువ.

మనకి ఈ పొదుపు పిచ్చి ఎక్కడినుంచి పట్టుకుంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. వాళ్ల వాదన చాలా సూటిగా ఉంది: ఇంట్లో గింజలు లేకపోవడానికి మా వంట కారణం కాదు, మొగుళ్ల కూలి డబ్బు సారా కొట్టుకి పోవడం కారణం, ఆ కొట్టు పెట్టించింది సర్కారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997 కల్లా దాన్ని ఎత్తేశారు. కానీ అదే నెల్లూరులో, అదే ఉద్యమం వేడిలో మొదలైన రోజుకో రూపాయి పొదుపు మాత్రం రాష్ట్రమంతా పాకి, మన సంఘాలన్నిటికీ పునాది అయింది. సారా కొట్టు ముందు సర్కారుని నిలదీసిన మనిషి, ఇంట్లో ఏ డబ్బాలో రూపాయి మిగల్చాలా అని చూసుకునే మనిషిగా మారింది. సంఘాల వల్ల మేలు జరగలేదనడం లేదు. వడ్డీ వ్యాపారి పట్టు కొంత సడలింది, ఆడవాళ్లు బ్యాంకు మెట్లెక్కారు. కానీ మన భాషలో హక్కు అనే మాట తగ్గి పొదుపు అనే మాట పెరిగింది. వంట శిక్షణ ఆ దారిలో ఇంకో మెట్టు.

ఇది ఇంటి నాలుగు గోడల సంగతేనని ఎవరైనా అంటే, బడి వంటగది చూడండి. బళ్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2003 జనవరినుంచి మన రాష్ట్రంలో ఆ పని డ్వాక్రా సంఘాలకి అప్పగించారు. అంటే దేశంలో అతి పెద్ద "తక్కువ ఖర్చు ఇంటి భోజనం" పథకాన్ని నడుపుతున్నది ఇలాంటి ఆడవాళ్లే. 2025 మే నుంచి కేంద్రం లెక్కలో ప్రాథమిక బడి పిల్లకి పూటకి వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల పిల్లకి 10 రూపాయల 17 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు, అన్నీ అందులోనే. బియ్యం, గుడ్లు వేరే వస్తాయి. చిన్న పిల్లకి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఉండాలని నిబంధన. టమాటా ధర వానాకాలంలో ఎగిరినా ఆ 6 రూపాయల 78 పైసలు ఎగరవు.

వండినామెకి? 2009లో నెలకి 1000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించారు. కేంద్రం లెక్క అక్కడే ఆగిపోయింది. మన రాష్ట్రంలో 2019లో దాన్ని 3000 చేశారు. నెలకి 24 రోజులు బడి అనుకున్నా రోజుకి 125 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రానికి నిర్ణయించిన ఉపాధి హామీ కూలి రోజుకి 307. మట్టి తవ్వడం పని, వంద మంది పిల్లలకి వండడం గౌరవం! పని అంటే కూలి ఇవ్వాలి కదా, అందుకని గౌరవం అన్నారు. ఆపైన బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. అప్పటిదాకా కొట్లో అరువు ఆమె పేరు మీదే రాసుకుంటారు. ఈ పథకానికి వడ్డీ లేని అప్పు పెడుతున్నది ఎవరయ్యా అంటే, నెలకి 3000 తెచ్చుకునే వంటమనిషి. ఆమె వాయిదా పద్ధతిలో సర్కారుని పోషిస్తోంది.

2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవాళ్లకి వచ్చినట్టు అన్నం పెట్టిన తల్లి. 1909లో పోయారు, ఇప్పటికీ గోదావరి జిల్లాల్లో ఆ పేరు చెబితే చేతులు జోడిస్తారు. ఆ గౌరవం సబబే. కానీ సీతమ్మగారిది పంట పొలాలున్న సంసారం. తన గాదెలోంచి తను పెట్టింది. ఇక్కడ గాదె సర్కారుది, చెయ్యి మాత్రం పేదరాలిది. అన్నదాత అని దండం పెట్టి జీతం ఎగ్గొట్టడం మనకి బాగా అలవాటైన విద్య. ఇంట్లో అన్నపూర్ణ, బళ్లో సీతమ్మ.

కేరళలో కుటుంబశ్రీ ఆడవాళ్లు జనకీయ హోటళ్లు నడిపారు. 2020నుంచి 20 రూపాయలకి భోజనం, పూటకి 10 రూపాయలు సర్కారు సాయం. 2023 ఆగస్టులో ఆ సాయం తీసేశారు. భోజనం 30 చెయ్యాల్సి వచ్చింది. చవక భోజనానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలని ఆ 10 రూపాయలు చూస్తే తెలుస్తుంది. సర్కారు కట్టకపోతే తినేవాడు కట్టాలి, తినేవాడు కట్టలేకపోతే వండేది తన ఒళ్లుతో కట్టాలి. మన దగ్గర అన్న క్యాంటీన్లు 2018లో వచ్చి, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. 5 రూపాయలకి పూట భోజనం. మొదలుపెట్టింది పట్నాల్లో. ఏలూరులో ఆటో తోలే మగవాడికి అది నిజంగా పనికొస్తుంది. పొద్దున్నే అనంతపల్లి నుంచో దూబచర్ల నుంచో తోట పనికి పోయే ఆడమనిషికి ఏం పనికొస్తుంది?

నాకు వచ్చే ఎదురు ప్రశ్న తెలుసు. "పిల్లలు పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు తిని పాడవుతున్నారు, నూడుల్స్ మీద బతుకుతున్నారు, ఇంటి వంట నేర్పడం కూడా తప్పేనా?" తప్పు కాదు. ఇంటి వంట మీద నాకు పగేం లేదు. కందిపొడి, చింతపండు గుజ్జు నేనూ వారానికోసారి చేసి పెట్టుకుంటాను, నాకు హాయిగానే ఉంటుంది. నాకు ఫ్రిజ్ ఉంది, ఆదివారం ఉంది. ఆ పిల్లకి ప్యాకెట్టు కొనిచ్చింది తల్లే. సాయంత్రం ఆరింటికి తోటనుంచి వచ్చి, పొయ్యి అంటించి అన్నం ఉడికేదాకా ఏడుస్తున్న పిల్లని పట్టుకోవడానికి ఆమెకి దొరికిన దారి ఆ పది రూపాయలు. ఆ గంటలో ఆ పిల్లకి ఇంకో చోట కూడు దొరికితే, లేదా అరుగు మీద కూర్చున్న తండ్రి లేచి ఎసరు పెడితే ఆమె ప్యాకెట్టు కొనదు. ఆ తండ్రిని శిక్షణకి పిలవని మనం ఆమెకి పోషక విలువల పట్టిక ఇచ్చి పంపుతున్నాం.

1999లో దీపం పేరుతో సంఘాల ఆడవాళ్లకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2024 నవంబరునుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మంచిదే, పొగ తగ్గింది, కళ్లు తెరిపిన పడ్డాయి. కానీ నలుగురున్న ఇంట్లో మూడు సిలిండర్లు ఏడాదికి చాలవు. నాలుగో సిలిండరు కొనలేనప్పుడు మళ్లీ తోటలో ఏరుకొచ్చిన పుల్లలే. వారానికి సరిపడా ఉల్లిపాయలు వేయించే మంట ఏ సిలిండరులోంచి వస్తుందో చార్టు రాసినవాళ్లు చెప్పాలి.

అందుకని నా ప్రతిపాదన ఇది. వంట శిక్షణలకి మన సంఘాల పేరు వాడుకోనివ్వడం ఆపేద్దాం. పెట్టి తీరాలని నిధులిచ్చేవాళ్లు పట్టుబడితే, హాల్లో సగం కుర్చీలు మొగుళ్లకీ కొడుకులకీ వెయ్యమందాం, ఆ రోజు కూలి వచ్చినవాళ్లందరికీ ఇప్పించమందాం, చార్టులో ఐదో గడి గీయించమందాం. రేషన్‌లో ప్రతి నెలా పప్పు, నూనె కావాలని గ్రామసభ తీర్మానాలు చేయిద్దాం. అంగన్‌వాడీ కేంద్రం తోట పని ముగిసేదాకా తెరిచి ఉంచాలని, సాయంత్రం పిల్లలకి అక్కడే ఏదైనా పెట్టాలని అడుగుదాం. బడి వంటమనిషికి గౌరవ వేతనం అనే మాట తీసేసి కనీస వేతనం ఇవ్వాలని, బిల్లు నెల దాటితే వడ్డీతో ఇవ్వాలని అడుగుదాం. వంటమనుషుల యూనియన్లు ఈ వేతనం మాట ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. ధర్నాలో వాళ్లొక్కళ్లే కూర్చుంటున్నారు. వాళ్లు మన సంఘాల సభ్యులే, మనం ఎందుకు వెళ్లడం లేదు?

దీనికి ముందు ఒక చిన్న పని ఉంది, ఈ మూడు నెలల్లో చెయ్యగలిగింది. మీ మండలంలో మీకు తెలిసిన పది బళ్లకి వెళ్లండి. మధ్యాహ్నం వడ్డన అయ్యాక వంటమనిషి కాస్త కూర్చునే వేళ చూసుకుని వెళ్లండి, ఆమె పని ఆపించకండి. పొద్దున్న ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి గిన్నెలు తోమి వెళ్తుంది, ఆఖరి బిల్లు ఏ నెలది, ఏ నెలలో వచ్చింది, కొట్లో అరువు ఎంత ఉంది, ఎవరి పూచీ మీద ఇచ్చారు, ఆ రోజు తను ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, ఇవి రాసుకుని ఈ పత్రికకి పంపండి. ఆమె పేరు రాయొద్దు, బడి పేరు కూడా రాయొద్దు, ఉద్యోగానికి ముప్పు. మండలం పేరు చాలు. నల్లజర్ల బళ్ల లెక్క నేను మొదలుపెట్టాను.